ఆకులో కొవ్వును

ఆకు పచ్చగా కళకళలాడితే మెప్పంతా పత్రహరితానికే. అది కుదురుకున్న పొర దేనితో తయారైందని అడిగేవాళ్లు తక్కువ. ఆ పొరలోని కొవ్వుల్లో సగం దాకా నేనే. పేరు మోనోగెలాక్టోసిల్ డైగ్లిసరాల్. నోరు తిరగదని ల్యాబుల్లో ఎంజీడీజీ అంటారు.

నా కాపురం తెలంగాణలో ఓ యాసంగి నారుమడి. వరి ఆకులో, హరితరేణువులో, థైలకాయిడ్ పొరలో. తలకు ఒక్కటే చక్కెర అణువు, కనుక చిన్నది. తోకలు రెండూ ఎక్కువగా అవిసె నూనెలో ఉండే లినోలెనిక్ ఆమ్లానివే. వంకర్లు తిరిగి బోలెడు చోటు తింటాయి. ఈ ఆకారంతో మేమే ఒకచోట చేరితే చదునైన పొర కట్టలేం, గొట్టాల్లా చుట్టుకుపోతాం. రెండు చక్కెరలున్న మా దాయాది డీజీడీజీ, చుట్టూ ఉన్న ప్రొటీన్లు పట్టి ఉంచబట్టే బుద్ధిగా ఉన్నాను.

అయినా నా వంకరతో పనుంది. మిట్టమధ్యాహ్నం పడే వెలుతురంతా ఆకు వాడుకోలేదు. పొర లోపలి సంచిలో ప్రొటాన్లు పేరుకుని పులుపెక్కుతుంది. ఆ పులుపుకు ఓ ఎంజైము వచ్చి, నా వంకర ఆసరాతో పొరకు అంటుకుని, వయోలాజాంథిన్‌ను జియాజాంథిన్‌గా మారుస్తుంది. మొక్కజొన్న గింజలోని పసుపు రంగుల్లో ఇదీ ఒకటి. అది తయారైతే మిగులు శక్తి వేడిగా బయటికి పోతుంది. అరబిడాప్సిస్ అనే ఆవ కుటుంబపు మొక్కలో నన్ను బాగా తగ్గించి చూశారు. తీవ్రమైన వెలుతురులో పొర ప్రొటాన్లను ఆపలేక కారింది, ఆ రంగు మార్పిడీ కుంటుపడింది. ఎంజైముకు పేరొచ్చింది, నాకు రాలేదు. పోనీండి.

చలికాలం చిక్కు మాత్రం నాది కాదు, పక్కింటి ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్‌ది. మాలో తను పదోవంతుకు అటూఇటూ. వరిలో ఆవిడ తోకలకు వంకర తక్కువ, అందుకే డిసెంబరు రాత్రి పేరిన నెయ్యిలా బిగుసుకుంటుంది. వెలుతురు దెబ్బకు డీ1 అనే ప్రొటీను రోజూ పాడవుతూనే ఉంటుంది, తీసి కొత్తది పెట్టుకోవాలి. పొర బిగిస్తే ఆ మరమ్మతు వెనకబడుతుంది. తెల్లారి ఎండ కాస్తే ఆ ఎండే చేటు. నారు పసుపెక్కుతుంది.

1992లో జపాన్‌లో నొరియో మురాటా బృందం పొగాకు మొక్కలో ఈవిడ తోకలనే మార్చింది. గుమ్మడి జాతి జన్యువు పెట్టిన పొగాకు చలికి మరింత బెదిరింది, అరబిడాప్సిస్ జన్యువు పెట్టింది తట్టుకుంది.

మా రైతుకు ఆ సంగతి తెలియదు. మాపటికి యూరియా బస్తాలతో కుట్టిన పట్టా కప్పుతాడు, పొద్దున తీస్తాడు. రాత్రంతా చల్లబడ్డ నీళ్లను గట్టు తెంపి వదిలేసి బోరు మోటారు వేస్తాడు. భూమిలోంచి వచ్చే ఆ గోరువెచ్చని నీళ్లకు పక్కింటావిడ మెత్తబడుతుంది. డీ1 పని మళ్లీ మొదలు.