లేని నూనెను ఆదా చేసే యంత్రం

గుడిబండ వైపు ఇళ్లలో ఈమధ్య ఒక చర్చ జోరుగా నడుస్తోంది. బోరు ఎక్కడ వేయించాలన్న దాని మీద కూడా ఇంత తర్జనభర్జన జరిగి ఉండదు. ఎనిమిది లీటర్ల మల్టీకుక్కరు, అందులోనే ఎయిర్ ఫ్రయరు, కొనాలా, వద్దా? బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు లింకు పంపుతాడు. హిందూపురంలో కాపురమున్న కూతురు ‘మా ఎదురింటోళ్లు తెచ్చినారమ్మా’ అంటుంది. పెద్దాయన అన్నీ విని ఒక్క మాట అడుగుతాడు: ‘దాంట్లో సంగటి అవుతాదా?’ ఆయన మాటకు ఎవరూ జవాబివ్వరు, ఎందుకంటే లింకులో ఆ సంగతి లేదు.

లింకులో ఉన్నది వేరు. తొంభై శాతం దాకా తక్కువ నూనె అని ఉంది. 2025 ఫిబ్రవరి ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి అంతటివాడు వంటనూనె పది శాతం తగ్గించుకోండి చాలన్నాడు. అట్టపెట్టె మాత్రం తొంభైకి తగ్గేది లేదంటోంది. సరే, తగ్గిద్దాం. దేంట్లో నుంచి?

పొద్దున రాగిసంగటి. అందులో పడేది నీళ్లు, కాస్త బియ్యం, రాగిపిండి. నూనె సున్నా. సున్నాలో తొంభై శాతం తీసేస్తే ఎంత మిగులుతుందో ఏ ఇంజనీరైనా చెప్పాలి. పక్కన ఊరుబిండి, అందులో నూనె ఉంది కానీ అది చెనిగ్గింజ కడుపులో ఉంది, ఏ ఫ్యానూ దాన్ని బయటికి ఊదలేదు. ఆకుకూర పప్పుకు తిరగమాతలో ఒక గరిటెడు. జొన్నరొట్టెకు పెనం మీద అదీ లేదు. సలసల కాగే బాణలి పొయ్యెక్కేది పండగకో, ఇంటికి అల్లుడొచ్చినప్పుడో. కజ్జికాయలు, నిప్పట్లు, వడలు ఏడాదిలో ఎన్నిసార్లు చేస్తారో ప్రతి ఇల్లాలికీ వేళ్ల మీద లెక్కే. ఆ నాలుగు రోజుల నూనె మిగుల్చుకోవడానికి ఇరవై వేల దాకా పోసి కొనే పెట్టె కావాలట. అదే సొమ్ముకు గానుగ నూనె కొనుక్కుంటే తిరగమాతలు ఎన్నేళ్లు జరుగుతాయో మీరే లెక్కేసుకోండి.

ఇంకో తమాషా చూడండి. ఒకప్పుడు దేశంలోనే ఎక్కువ చెనిక్కాయ వేసిన ఉమ్మడి అనంతపురం జిల్లా మనది. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే నేలలో, ఆ వాన కూడా వేళకు రాక, పంట ఎండి, రైతులు పడిన పాట్లు అందరికీ తెలుసు. కదిరి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు ‘కదిరి లేపాక్షి’ లాంటి కొత్త రకాలు తీసింది వాన లేకున్నా తట్టుకుని కాయ నిండాలని, గింజలో నూనె పట్టాలని. గింజ బరువులో దాదాపు సగం నూనే. ఇంత కష్టపడి పండించిన దాన్ని వంటింట్లోకి రానివ్వకూడదని కాపలాకు ఒక యంత్రాన్ని తెచ్చుకుంటామా?

పైగా అది వచ్చాక నూనె తగ్గుతుందా అంటే, పెరుగుతుంది. ఎట్లాగంటే, అంత ఖరీదు పెట్టి తెచ్చినదాన్ని ఊరికే కూర్చోబెట్టలేరు. దాంట్లో ఏం చేయాలి? హిందూపురం దుకాణంలో ఫ్రీజర్ నుంచి బంగాళదుంప ముక్కల ప్యాకెట్టు తెస్తారు. బుట్టలో పోసి మీట నొక్కితే ఒక్క చుక్క నూనె వేయకుండానే కరకరలాడతాయి. ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఆ ముక్కలు ఫ్యాక్టరీలోనే నూనెలో ఒక మునక వేసి వచ్చాయి. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, ఎక్కువసార్లు పామోలిన్ అని. ఏడాదికి నాలుగుసార్లు చెనిగనూనెలో వేయించుకునే ఇల్లు, వారానికోసారి ఎవరి నూనెలోనో వేగి వచ్చినవి తింటూ ‘మాది ఆయిల్ లెస్’ అని వాట్సాప్‌లో పెడుతుంది. దేశం తాగే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా పామాయిలే. మన చెనిక్కాయ మండీలో పడి ఉంటే మలేషియా, ఇండోనేషియా తోటలకు పండగ.

బజ్జీ సంగతికి వద్దాం. ఉగ్గాని ఉన్నచోట మిరపకాయ బజ్జీ ఉండాలి, అది మన సీమ రాజ్యాంగం. బజ్జీని ఈ పెట్టెలో పెట్టి చూడండి. కాగిన నూనెలో పడిన శనగపిండి జారు క్షణంలో బిగిసి మిరపకాయను పట్టుకుంటుంది, లోపలి చెమ్మ ఆవిరై పిండిని పొంగిస్తుంది. బుట్టలో అట్లా పట్టుకునే దిక్కు లేదు. పైనుంచి ఫ్యాను వేడిగాలి కొడుతుంటే పిండి చిల్లుల్లోంచి చుక్కచుక్కగా కిందికి దిగి అడుగున అట్టుగా తయారవుతుంది. పైన మిరపకాయ ఒంటిమీద బట్ట లేకుండా మాడుతుంది. పేరులో ఫ్రయర్ అని ఉన్నా లోపల జరిగేది బేకింగే, చిన్న పొయ్యిగదిలో పెద్ద గాలి. 2010లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్‌లో మొదటి ఎయిర్ ఫ్రయర్ చూపించినప్పుడు వాళ్ల ముందున్నది దుంపముక్కలు, మన బజ్జీ కాదు. ఆ తప్పు వాళ్లది కాదులెండి.

ఎనిమిది లీటర్లు అన్నారు కదా, బంధువులొస్తే పనికొస్తుందనుకుంటారు. కుక్కరుగా వాడితే మూడింట రెండొంతులకు మించి నింపకూడదు. పప్పయితే నురగ వస్తుంది కాబట్టి సగమే. ఫ్రయరుగా వాడితే ముక్కలు ఒక్క వరసే పరవాలి, ఒకదాని మీద ఒకటి పడితే గాలి ఆడదు. ఎనిమిది లీటర్లు కొని నాలుగు లీటర్లలో వండుకోవడం, మిగతా నాలుగింట్లో గాలి వండుకోవడం. పదిమంది వస్తే ముగ్గురు తింటుంటారు, ఏడుగురు పెట్టె వైపు చూస్తుంటారు.

ఇక విజిల్ విషయం ఎవరూ ఎత్తరు. మన వంటంతా విజిళ్ల లెక్క. ‘మూడు విజిళ్లొస్తే దించెయ్యే’ అని అత్త బయట చాట పట్టుకునే చెప్పగలదు. ఈ యంత్రం కూత వేయదు. తెరమీద అంకెలు చూపిస్తుంది. చత్వారమున్న అత్తకు ఆ అంకెలు ఎవరు చదివిపెట్టాలి?

డల్లాస్ నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చేవాళ్లది ఇంకో కథ. 2018లో అమెరికాలో వచ్చిన నింజా ఫూడీ లాంటి రెండు మూతల కుక్కర్లు అక్కడి 120 వోల్టులకు కట్టినవి. ఇక్కడి 230లో నేరుగా గుచ్చితే హీటరు మీద పడే కరెంటు భారం మూడున్నర రెట్లకు పైనే. వంట కాదు, దహనం. రెండు వేల వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటారు. కుక్కరుకు తోడు దాన్ని కూడా వంటింట్లో ఎక్కడ పెట్టాలా అని ఇంకో చర్చ. ఇక్కడి మోడలే తీసుకున్నా పదిహేను వందల వాట్లకు పదహారు ఆంపియర్ల సాకెట్ కావాలి. పాత ఇళ్లల్లో మిక్సీ తగిలించే చోట పెడితే ప్లగ్గు వేడెక్కుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లకు ఒక చిన్న మాట: పిన్‌కోడ్ రెండుసార్లు చూసుకోండి. కర్ణాటకలో చిక్కబళ్లాపురం జిల్లాలో ఇంకో గుడిబండె ఉంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. చెనిగ్గింజలు వేయించడానికి ఇది బాగుంటుంది, అన్నివైపులా ఒకేలా వేగుతాయి, గరిటె తిప్పే పని లేదు. గుండెకు స్టెంటు వేయించుకుని, చేప వేపుడు మానలేని మనిషికీ పనికొస్తుంది. అసలు దీన్ని చాలా ఇళ్లలో దేనికి వాడుతున్నారో చూస్తే నవ్వొస్తుంది: సాయంత్రం బండి మీద నుంచి కట్టించుకొచ్చిన చల్లారిన బజ్జీలు మళ్లీ కరకరలాడించడానికి. నూనె ఖర్చు బండివాడిది, ఆరోగ్యం మనది.

ఇంతా విన్నాక కూడా కొనాలనే ఉంటే హిందూపురం దుకాణానికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక గిన్నెలో శనగపిండి కలుపుకుని, నాలుగు మిరపకాయలు తీసుకెళ్లండి. ‘ఏమప్పా, దీంట్లో ఒక వాయి వేసి చూపించు’ అనండి. ‘అక్కా, బజ్జీ ఎందుకు, ఇందులో కేకు బాగా వస్తాది’ అంటాడు. మీ ఇంట్లో కేకు ఎవరు తింటారో అప్పుడు ఆలోచించుకోండి.