స్వామీ, నీ రాయితీ అపారం

రాయితీ స్వామీ! మా కాలనీ మలుపులో, గాజు తలుపుల వెనక, ఏసీ చల్లదనంలో వెలసిన సూపర్ మార్కెట్ దేవరా! నీ కరుణ ఇంతని చెప్పడం మా తరమా? 1,400 రూపాయల సరుకులకు చీటీ రాసుకుని వచ్చినవాడు నీ సన్నిధిలో 2,048 సమర్పించుకుని, 412 ఆదా చేశానని పొంగిపోతూ ఇంటికి వెళ్తున్నాడంటే అది నీ మహిమే. ఆ 412 ఎక్కడుందని అడిగే నాస్తికులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. జేబులో లేదు, బ్యాంకులో లేదు, పోపుల డబ్బాలో అసలే లేదు. బిల్లు అడుగున మాత్రం లావుపాటి అక్షరాల్లో ఉంది. కంటికి కనబడనిదాన్ని నమ్మడమే కదా భక్తి!

నీ లీలల్లో ముందుగా చెప్పుకోవలసింది ఎమ్మార్పీ. ప్యాకెట్ మీద వేసిన గరిష్ఠ ధరకు ఒక్క రూపాయి మించి అమ్మినా నేరమంటుంది చట్టం. మామూలు సరుకుల మీద ఆ గరిష్ఠం ఎంతో తేల్చేది మాత్రం కంపెనీయే. నూట ఎనభై అని అచ్చు వేస్తే నూట ఎనభై. దాన్ని ఎర్రగీతతో అడ్డంగా కొట్టేసి కింద 119 అని రాసే అభయహస్తం నీది. ఎవరూ ఏనాడూ చెల్లించని ధర బారినుంచి మమ్మల్ని రక్షించినవాడివి! వీధి చివర కిరాణా కొట్టు బాబాయ్ కూడా పదో పరకో తగ్గించే ఇస్తాడు. ఏం లాభం, నోరు విప్పి చెప్పుకోడు. కాగితం మీద అచ్చు పడని దానం కూడా ఒక దానమేనా?

ఇక కూపన్ మహత్యం. రెండు వేలకు కొంటే వంద రూపాయల కూపన్. బిల్లు 1,870 దగ్గర ఆగిపోతుంది. (చీటీలో 1,400 కదా అంటారేమో, ఆ సంగతికి తర్వాత వస్తాను.) కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే, "ఇంకో నూట ముప్పై చేస్తే కూపన్ వస్తుంది సార్" అంటుంది. ఇంకొక్క ముద్ద తినరా అనే కన్నతల్లి గొంతులో కూడా అంత మమకారం ఉండదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటుంటే పరుగెత్తి, ఇంట్లో ఎవరూ ముట్టని ఓట్స్ ప్యాకెట్టూ, ఏదో కొత్తరకం నూడుల్సూ పట్టుకొస్తాం. 178 అవుతుంది. కూపన్ చేతికొస్తుంది.

అది ఇవాళ చెల్లదు. వచ్చే నెల ఒకటి నుంచి ఏడులోపు వాడాలి. పదిహేను వందలకు తగ్గకుండా కొనాలి. ఆ పదిహేను వందల్లో బియ్యం, నూనె, పంచదార, నెయ్యి, పాలపొడి లెక్కలోకి రావు. మనిషి బతకడానికి కావలసినవి తప్ప తక్కినవన్నీ వస్తాయి. ఈ నియమాలన్నీ వెనకవైపు, భూతద్దానికి మాత్రమే అందే అక్షరాల్లో, ఒక చుక్కగుర్తు నీడన ఉంటాయి. ఎనిమిదో తారీఖున కూపన్ జాగ్రత్తగా మడిచి తెచ్చిన పెద్దాయనకు "డేట్ అయిపోయింది అంకుల్" అన్న సమాధానమే ప్రసాదం. నోములు పట్టినవాళ్లకు తెలుసు, నియమం తప్పితే ఫలం దక్కదు. ఒక్క తేడా ఏమిటంటే, ఏ నోముకైనా ఉద్యాపన ఉంటుంది. దీనికి లేదు. ఈ కూపన్‌తో కొన్న బిల్లుకు ఇంకో కూపన్ వస్తుంది.

చీటీలోని 1,400 కౌంటర్ దాకా వచ్చేసరికి 1,870 ఎలా అయిందంటే, అది ప్రదక్షిణ ఫలం. కందిపప్పు, బియ్యం గర్భగుడిలో, అంటే చిట్టచివరి వరసలో ఉంటాయి. అక్కడికి చేరాలంటే బిస్కెట్లు, చిప్స్, అత్తర్లు, గాజు గిన్నెలు అన్నీ దర్శించుకోవాలి. లోపల గడియారం ఉండదు, కిటికీ ఉండదు. భగవంతుడి దగ్గర కాలంతో పనేమిటి? బయటికొచ్చే దారిలో చాక్లెట్లు సరిగ్గా నాలుగేళ్ల పిల్లాడి చేతికందే ఎత్తులో ఉంటాయి. బాలభక్తుల మీద నీకంత వాత్సల్యం.

నువ్వు ఇంత చేస్తున్నా ప్రభుత్వం మా తెలివి మీద నమ్మకం లేక, ప్యాకెట్ మీద గ్రాము ధరో కిలో ధరో కూడా వేయాలని ఆదేశించింది. కిలోకు తక్కువ ప్యాకెట్ల మీద గ్రాము ధర, కిలోకు మించిన వాటి మీద కిలో ధర. అర కిలో సబ్బుపొడి మీద గ్రాము 13 పైసలు, రెండు కిలోల ఫ్యామిలీ ప్యాకెట్ మీద కిలో 135 రూపాయలు అని ఉందనుకోండి. వెయ్యితో హెచ్చవేసి, చిన్న ప్యాకెట్టే కిలోకు ఐదు రూపాయలు చవకని గ్రహించే భక్తుడెవరు? పెద్దదాంతో బకెట్టు ఉచితం కదా! నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే మా కాలనీలో ఇప్పుడు నీళ్లకన్నా బకెట్లే ఎక్కువ.

నూనె సంగతి మరీ గొప్పది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. కొన్ని సరుకులను నిర్ణీత తూకాల్లోనే కట్టాలన్న పాత నిబంధన 2022లో పోయాక, లీటరు ప్యాకెట్ పక్కనే అదే రంగులో, అదే బొమ్మతో 850 గ్రాములది నిలబడింది. ధర తగ్గిందని మేం సంతోషిస్తాం, కొలెస్ట్రాల్ తగ్గుతుందని నువ్వు సంతోషిస్తావు.

జనవరి 26 మహిమ కూడా చెప్పాలి. 1999లో ఆ రోజున ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలయ్యాయి. 2006లో సరిగ్గా అదే రోజున బిగ్ బజార్ 'సబ్సే సస్తా దిన్' అని పిలిస్తే జనం పోటెత్తారు. రెండింటిలో ఏది నాగరికమో చెప్పనక్కర్లేదు. రైతు బజార్లో ధర బోర్డు మీద రాసి ఉంటుంది. కూపన్ లేదు, ఫోన్ నంబర్ అడగరు. వంకాయలు తూచాక గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేసి, మరిచిపోతారు. ఆ కొసరు విలువ ఏ బిల్లులోనూ రాకపోతే మనం ఆదా చేశామని మనకెలా తెలియాలి?

చివరగా సంచీ. ముందుగా చెప్పకుండా, కౌంటర్ దగ్గర దుకాణం పేరున్న సంచీకి డబ్బు వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తేల్చింది. వాళ్లకు భక్తి తక్కువ. ఊరేగింపులో దేవుడి బొమ్మ మోసేవాడు కూలి అడుగుతాడా? పైగా కానుక వేసి మోస్తాడు.

ఒక్క విన్నపం స్వామీ. బిల్లు అడుగున 'మీరు ఆదా చేసినది' అన్న వరుస కిందే, 'మీరు కొనాలనుకోనిది' అని ఇంకొక్క వరుస వేయించు. కాగితం ఖర్చు ఎక్కువవుతుందనుకుంటే, అదీ సంచీ ఖాతాలో కలిపెయ్యి.