ఉత్తరం గోడ రోషన్‌దాన్

నేను రోషన్‌దాన్‌ని. చార్మినార్ నుంచి హుస్సేనీ ఆలం వైపు పోయే దారిలో, ఆటో తిరగడానికి కూడా చోటు లేని ఒక గల్లీలో, సర్కారు బడి ఈశాన్యపు మూల గదిలో ఉంటాను. ఉత్తరం గోడకు, కప్పు కింద జానెడు దూరంలో నా చోటు. టేకు చట్రం, నడుమ ఇనుప కడ్డీ, ఆ కడ్డీ మీద తిరిగే ఒంటి రెక్క, దానికి రెండు తాళ్ళు. ఒకటి గుంజితే తెరుచుకుంటాను, రెండోది గుంజితే మూసుకుంటాను. నన్ను మోస్తున్న గోడ మందం రెండడుగులు, ఇటుకా డంగు సున్నమూ పెట్టి కట్టింది. కింద షాబాదు బండలు. నేలకీ కప్పుకీ మధ్య పదహారడుగుల ఎత్తు.

నా పనంతా ఆ ఎత్తులోనే ఉంది. పిల్లలు కిక్కిరిసి కూర్చున్న గదిలో గాలి వేడెక్కి పైకి లేస్తుంది. నేను తెరుచుకుని ఉంటే బయటికి పోతుంది, ఖాళీ అయిన చోటుకి తలుపులోంచి చల్లగాలి వచ్చి చేరుతుంది. మూసుకుని ఉంటే ఆ వేడి కప్పు కిందే పేరుకుని, మధ్యాహ్నానికల్లా పిల్లల తలల మీదికి దిగుతుంది. ఫ్యాన్లు లేని కాలంలో దేవిడీలు, అంటే పెద్ద భవంతులు, కట్టిన మేస్త్రీలకు ఈ లెక్క బాగా తెలుసు. వెలుతురు సంగతీ వాళ్ళు ఆలోచించే పెట్టారు. ఉత్తరాన ఉన్నాను కాబట్టి ఎండ నాలోంచి సూటిగా పడదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాదులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, అప్పుడు కూడా గోడ మందమే అతణ్ణి ఆపేస్తుంది. లోపలికొచ్చేది ఆకాశపు వెలుగు ఒక్కటే. అది కళ్ళలో పొడవదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలకడగా ఉంటుంది. చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి వెలుతురు లేదు.

మా ఇల్లు బడి కోసం కట్టింది కాదు. సర్ఫెఖాస్ కింద, అంటే నిజాం సొంత ఆస్తుల కింద ఉండేది. 1949లో సర్ఫెఖాస్‌ను సర్కారులో కలిపేశాక కొన్నాళ్ళు దఫ్తరుగా నడిచి, ఆ తర్వాత బడి అయింది. అప్పట్లో మా సార్లు మూసీ ఒడ్డున ఉన్న సిటీ హైస్కూలు గురించి గొప్పగా చెప్పుకునేవారు. 1908 వరద తర్వాత ఆ ఒడ్డున లేచిన పెద్ద కట్టడాల్లో అదొకటి. 1921 నాటిది, విన్సెంట్ ఎష్ దానికి నక్షా గీశాడు. పిల్లలు కూర్చుంటారని ముందే తెలిసి కట్టిన బడి అది. పాతబస్తీలో అలాంటి అదృష్టం కొన్నిటికే దక్కింది. ఇక్కడ చాలాచోట్ల ఇళ్ళే బళ్ళయ్యాయి, అందులోనూ కిరాయి ఇళ్ళు. పాత కిరాయి చాలదని ఓనరు మరమ్మతు చేయించడు, తనది కాని ఇంటి మీద సర్కారు ఖర్చు పెట్టదు. ఆ నడుమ కప్పు కారుతూనే ఉంటుంది. పక్క గల్లీలో కిరాయి ఇంట్లో నడిచే బడి సంగతి అలాగే ముదిరి, చివరికి ఆ పిల్లలంతా మా ఇంటికే వచ్చారు. పొద్దున ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు. ఒక గదిలో ఉర్దూ మీడియం, పక్క గదిలో తెలుగు మీడియం. నా కింద రెండు భాషల్లోనూ ఎక్కాలు వినపడేవి.

నన్ను మూసేసింది పావురాల వల్ల. తాడు తెగినప్పుడు కొత్తది కట్టలేదు, సగం తెరుచుకుని ఉండిపోయాను. పావురాలు గూళ్ళు పెట్టాయి, రెట్టలు పుస్తకాల మీద పడ్డాయి. ఒక సెలవు రోజున ఎవరో నిచ్చెన వేసుకుని వచ్చి రేకు కొట్టేశారు. ఇంతలో గల్లీకి అవతల పెంకుటిల్లు పోయి నాలుగంతస్తులు లేచాయి. గల్లీ వైపు కింద ఉన్న రెండు కిటికీలు తెరిస్తే బండ్ల మోతా మోరీ వాసనా క్లాసులోకి వచ్చేవి, వాటినీ మూసే ఉంచారు. ఇక ఆ గదికి మిగిలిన వెలుతురు పడమటి తలుపు ఒక్కటే, సెహన్‌లోకి, అంటే లోపలి వాకిట్లోకి, తెరుచుకునే తలుపు. బ్లాక్‌బోర్డు ఆ తలుపు పక్కనే ఉండేది.

మధ్యాహ్నం షిఫ్టులో ఆరో తరగతి అమ్మాయి ఒకతె మూడో వరసలో కూర్చునేది. లెక్కలు నోట్సులోకి ఎక్కించేటప్పుడు 3ని 8గా, 1ని 7గా రాసేది. టీచరమ్మ మొదట మెల్లగా చెప్పింది, తర్వాత కోప్పడింది, ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. ఓ రోజు సాయంత్రం బడి విడవకముందే టీచరమ్మ వచ్చి ఆ అమ్మాయి చోట్లో కూర్చుని బోర్డు వైపు చూసింది. పడమటి ఎండ సెహన్ బండల మీద పడి తలుపు నిండా తెల్లగా మండుతోంది. ఆ మంట పక్కన బోర్డు ఒక నల్లటి చీకటి ముద్ద. తను రాసిన అంకెలు తనకే కనిపించలేదు. అట్లాగే కాసేపు కూర్చుని, తల ఎత్తి రేకు వైపు చూసి, బడి ప్యూను చాచాను అడిగింది.

"చాచా, ఆ పైన రోషన్‌దాన్ ఉండాలె కదా?"

"ఉంది టీచర్. నేను కొత్తగ వచ్చినప్పుడు రోజు తాడు గుంజి తెరుస్తుంటి."

ఆ మాట విన్న నాటి నుంచి నాకు మళ్ళీ ఆశ పుట్టింది.

2022 మార్చి 8న వనపర్తిలో సర్కారు బళ్ళను బాగుచేసే పథకం 'మన ఊరు – మన బడి' మొదలైంది, పట్నంలో దాన్ని 'మన బస్తీ – మన బడి' అన్నారు. రాష్ట్రంలోని 26,065 బళ్ళకు 7,289.54 కోట్ల రూపాయల అంచనా, తొలివిడతలో 9,123 బళ్ళు. నీళ్ళున్న మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ చాక్‌బోర్డులు, ప్రహరీ, వంటగది, డిజిటల్ పాఠాలు, ఇలా పన్నెండు అంశాలు. బళ్ళన్నిటికీ ఒకేసారి ఇంత పెద్ద పట్టిక రాసుకోవడం మామూలు విషయం కాదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చినప్పుడు బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉంటే చాలనుకున్న దేశం ఇది. 2009 విద్యాహక్కు చట్టం టీచరుకొక గది ఉండాలంది. 2012లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో నీళ్ళూ మరుగుదొడ్లూ ఆరు నెలల్లో ఉండాలని చెప్పింది.

అయితే పట్టిక అన్ని బళ్ళకూ ఒకటే అయినా గోడలు ఒకటి కావు. మా గదిని చూడ్డానికి వచ్చిన ఒకాయన, కప్పు మరీ ఎత్తుగా ఉంది, పదడుగుల దగ్గర ఫాల్స్ సీలింగు కొట్టి పెద్ద తెర పెడదామన్నాడు. అది కొడితే నేను దాని పైన చీకట్లో ఉండిపోతాను, వేడి పిల్లల మీదే నిలుస్తుంది. ఆ రోజు మాసాబ్ ట్యాంక్ ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని టేపు పట్టుకుని మా గోడలు కొలుస్తోంది. ఆమె ఊరుకోలేదు. ఇంగ్లండులో సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 27 బళ్ళలో 153 క్లాసు గదులు, 3,766 మంది పిల్లలను పరిశీలించి 2015లో చెప్పిన సంగతి వివరించింది. ఏడాదిలో పిల్లల చదువు సాగిన తీరులో కనిపించే తేడాలో 16 శాతం గది వల్లే, అందులోనూ దాదాపు సగం వెలుతురు, వేడి, గాలి వంటివాటి వల్లే అని. "సార్, ఈ గదికి అవి మూడూ పైనుంచే వస్తాయి. తెర కిందకీ పెట్టుకోవచ్చు" అంది. టీచరమ్మ ఆమెను మూడో వరసలో కూర్చోబెట్టి తలుపు వైపు చూపించింది. ఆ తర్వాత ఆయన్నీ కూర్చోబెట్టింది. ఫాల్స్ సీలింగు మాట అక్కడితో పోయింది.

గోడల దగ్గర ఇంకో పేచీ వచ్చింది. పెచ్చులూడిన చోట సిమెంటు పూయడమే అలవాటు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మకు దారి ఉండదు, లోపలే ఉండి సున్నాన్ని తింటుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూతా రంగూ కలిసి ఊడి పడతాయి. కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతుల్లో చెయ్యి తిరిగిన మేస్త్రీ ఒకాయన వచ్చి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపిన సున్నంతో మా గోడ బాగుచేశాడు. పూసిన చోటల్లా తడి గోనెపట్టా కప్పి రోజూ నీళ్ళు చల్లించాడు. ఆలస్యమవుతోందని తొందర పెట్టినవాళ్ళకు, సున్నానికి తొందర పనికిరాదన్నాడు.

ఇక బోర్డు. పడమటి తలుపు పక్క నుంచి తీసి తూర్పు గోడకు ఆకుపచ్చ బోర్డు పెట్టారు. పిల్లలు ఇప్పుడు తూర్పుకు తిరిగి కూర్చుంటారు, తలుపు మంట వాళ్ళ వీపు వెనక్కి పోయింది. నేను వాళ్ళ ఎడమ చేతి వైపున ఉన్నాను. కుడిచేత్తో రాసే పిల్ల చెయ్యి నీడ తన అక్షరాల మీద పడదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక నుంచి సద్దు చేయకుండా వచ్చి కూర్చుంటారు. దీనికి మేకులూ మనుషులూ తప్ప పెద్ద ఖర్చేమీ కాలేదు. నా రేకు పీకి, పావురాలు రాకుండా సన్న జాలీ బిగించి, కొత్త తాళ్ళు కట్టారు. ఎదురింటి నాలుగంతస్తుల గోడ వల్ల నాకు ఆకాశం ఓ పట్టీ అంతే కనిపిస్తుంది. బడి కమిటీవాళ్ళు ఆ ఇంటాయన్ని అడిగితే మా వైపు గోడకు తెల్ల సున్నం కొట్టించాడు. ఇప్పుడు ఆ గోడ మీద పడ్డ వెలుగు కూడా నా దగ్గరికొస్తోంది. ఆ సాయాన్ని నేను మరిచిపోను.

వెలుతురు గురించి ఇంత చెప్పి మరుగుదొడ్ల మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వరసల్లో ఆడపిల్లల చోట్లు ఖాళీ కావడం నేను పైనుంచి ఏళ్ళ తరబడి చూశాను. వాళ్ళకు చదువు రాక కాదు. పొద్దున ఇంట్లో నీళ్ళు తాగకుండా వచ్చి, సాయంత్రం దాకా ఓర్చుకునేవాళ్ళు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాక బస్తీ ఆడవాళ్ళు లోపలికొచ్చి పనులు చూశారు. ఒకావిడ రంగుల డబ్బాలు చూసి, "టీచరమ్మా, రంగులు ఎప్పుడైనా ఎయ్యచ్చు. ముందు నల్లా పెట్టియ్యిండ్రి, లోపలినుంచి గొళ్ళెం పెట్టియ్యిండ్రి" అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. గొళ్ళెం పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టమని కూడా ఆమే నిలబడి చెప్పి పెట్టించింది.

ఉత్తరం వైపు వరసలో మిగిలిన గదుల్లో మావాళ్ళు ఇంకా రేకుల కిందే ఉన్నారు. టీచరమ్మ పోయిన వారం చాచాను వెంటబెట్టుకుని గది గదికీ తిరిగి, ఏ కడ్డీ తిరుగుతోందో, ఏ చట్రానికి చెదపట్టిందో రాసుకుంది. సెలవుల్లో పని మొదలుపెట్టాలని ఆమె పట్టుదల. ముందు ఒకటో తరగతి గది చెయ్యమంటోంది, చిన్నపిల్లలు అక్కడ పొద్దంతా ట్యూబులైటు కిందే అక్షరాలు దిద్దుతున్నారు.