పాట పాడుచేసే విద్య

టేపుగారిది పగలు సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రాత్రి సంగీతం. రాత్రిదీ సాఫ్ట్‌వేరే, కాకపోతే దానికి జీతం ఆయనే ఎదురు ఇస్తారు. మియాపూర్‌లో, కొండాపూర్‌లో, ఆ మాటకొస్తే డల్లాస్‌లో కూడా ఈ జాతి దండిగా ఉంది. "డిజిటల్‌లో ప్రాణం లేదండీ, టేపులో ఉండే ఆ వార్మ్‌త్ రాదండీ" అని నిట్టూర్చే తెలుగాయన మీకెక్కడైనా తగిలితే ఆయనే ఈయన. ఇంట్లో టేపు రికార్డరు మాత్రం ఉండదు. ఉన్న టూ-ఇన్-వన్‌ని ఇంజనీరింగ్ చదివే రోజుల్లోనే పాతసామాన్లవాడికి వేసేశారు. ఇప్పుడున్నదల్లా ల్యాప్‌టాప్ తెర మీద రెండు టేపు చక్రాల బొమ్మ. పాట మొదలైతే చక్రాలు తిరుగుతాయి, ఆపితే ఆగుతాయి. అవి తిరగడం వల్ల పాటకు ఒరిగేదేమీ లేదు. అయినా అవి తిరుగుతున్నంతసేపూ టేపుగారు సత్యనారాయణ వ్రతంలో హారతి చూస్తున్నట్టు చూస్తారు.

స్టూడియో అంటే పడకగదే. బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, వేలాడే చీరల ముందు మైకు నిలబెడతారు. ఆషాఢం తగ్గింపుల్లో వాళ్ళావిడ కొన్న చీరలవి. ఇది మాత్రం వేళాకోళం కాదు. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించే వాళ్ళకన్నా ఈయనే నయం, బట్టల దొంతర గదిలో మోతను నిజంగానే పీలుస్తుంది. నవంబరు తగ్గింపుల్లో ఈయన కొన్న టేపు ప్లగిన్లన్నీ, అంటే టేపు ధ్వనిని అనుకరించే సాఫ్ట్‌వేర్లన్నీ, కలిసి పాటకు చేసిన మేలు కన్నా ఆ చీరలు చేసిందే ఎక్కువని నా లెక్క. కానీ ఆ మాట ఆవిడ చెవిన వేయకండి, వచ్చే ఆషాఢానికి రెట్టింపవుతాయి.

రికార్డింగ్ రోజున ఇంట్లో 144 సెక్షన్. ఏసీ బంద్, ఫ్యాను బంద్. కుక్కరు పెట్టకూడదు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తారు, సాయంత్రానికి పాలు విరిగిపోతాయి. వీధిలో ఉల్లిగడ్డల ఆటో మైకు మలుపు తిరిగేదాకా అందరూ ఊపిరి బిగబట్టాలి. మే నెల. పాడటానికి వచ్చిన పక్క బ్లాకు కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ, "అన్నా, వార్మ్‌త్ సరిపోయిందా?" అంటాడు. నాలుగు గంటలు అవస్థపడితే చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేని గొంతు ఒకటి చేతికొస్తుంది. అప్పుడు టేపుగారు ఫ్యాను వేసుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, 'హిస్' అన్న మీటను పైకి తిప్పుతారు.

ఆ సుయ్యిమనే చప్పుడు అసలు టేపుకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన అయస్కాంతపు రేణువులు ఎంత సన్నవైనా రేణువులే గనుక, ఏమీ రికార్డు చేయకపోయినా అవి కాస్త గొణుగుతూనే ఉంటాయి. దాన్ని అణచడానికి పెద్ద పెద్దవాళ్ళు జుట్టు పీక్కున్నారు. మన సినిమాహాళ్ళ బోర్డుల మీద కనిపించే డాల్బీ అన్న పేరు రే డాల్బీ అనే మనిషిది. టేపు యంత్రాలు చేసే ఆంపెక్స్‌లో పనిచేసినాయన. 1965లో లండన్‌లో సొంత కంపెనీ పెట్టి, మొట్టమొదట అమ్మింది ఈ సుయ్యిని తగ్గించే పెట్టెనే. ఆయన పోగొట్టినదాన్నే ఈయన డాలర్లు పోసి తెచ్చుకుంటున్నారు.

సుయ్యితో సరిపోతే బాగుండును. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. పాత యంత్రాల నకళ్ళు కొన్నింటిలో ఏ దేశపు కరెంటు గురక కావాలో ఎంచుకునే మీట కూడా ఉంటుంది. స్వదేశీ గురకను ఫ్రిజ్ ప్లగ్గుతో సహా పీకేసిన టేపుగారు ఇక్కడ నిస్సంకోచంగా 60 నొక్కుతారు. కుర్రాడి శ్రుతిని వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక సాఫ్ట్‌వేరుతో సరిచేసి, మోటారు నిలకడగా తిరగక శ్రుతి ఊగే పాతకాలపు లోపాన్ని మరో సాఫ్ట్‌వేరుతో పైన చల్లుతారు.

టేపు మహిమంతా భ్రమ అంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. టేపు మీదికి శబ్దం మరీ గట్టిగా వెళ్తే అయస్కాంతం అంతకంతా పుచ్చుకోలేక శిఖరాలను మెల్లగా గుండ్రం చేస్తుంది, మూల స్వరానికి మూడింతల పౌనఃపున్యంలో కొత్త ఛాయ పుడుతుంది. సెకనుకు 15 అంగుళాల వేగంలో కింది స్వరాలు కాస్త ఉబ్బుతాయి. 30కి పెంచితే ఆ ఉబ్బు పైకి జరుగుతుంది, సుయ్యి తగ్గుతుంది. మంచి నకళ్ళు ఇవన్నీ బాగానే పట్టుకుంటాయి. గొడవల్లా ఏమిటంటే, ఈ ప్లగిన్లలో చాలావాటిని ఆన్ చేయగానే పాట ఓ డెసిబెల్ పెరుగుతుంది. పెరిగింది గనుక మన చెవి "భేష్" అంటుంది. వాల్యూములు సమానం చేసి వినండి అంటే టేపుగారికి కోపం వస్తుంది.

ఓసారి ఆయన బావమరిది ఆ సాహసం చేశాడు. కళ్ళు మూసుకుని వింటున్న టేపుగారు, "అదీ! ఆ నిండుదనం చూశావా బామ్మర్దీ?" అన్నారు. ప్లగిన్ ఆపేసి ఉందని ఆ అబ్బాయి చూపించాడు. టేపుగారు చెక్కుచెదరలేదు. "ఆపాక కూడా కాసేపు దాని ప్రభావం ఉంటుంది."

టేపుగారి ఆరాధ్య టేపు యంత్రం స్టూడర్ జె37. 1967లో వచ్చిన బీటిల్స్ వాళ్ళ సార్జెంట్ పెప్పర్ ఆల్బం రికార్డయింది దాని మీదే. ఉన్నవి నాలుగే ట్రాకులు. అవి నిండితే అన్నింటినీ కలిపి ఇంకో యంత్రంలో ఎక్కించి, ఖాళీ అయిన చోట మళ్ళీ పాడేవాళ్ళు. కలిపాక విడదీయడం ఉండదు గనుక తటపటాయించకుండా అప్పటికప్పుడే తేల్చుకోవాలి. టేపుగారి పాటలో డెబ్భై ట్రాకులుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో జె37 నకలు. డెబ్భై యంత్రాలు ఒక్కసారి తిరిగేసరికి ల్యాప్‌టాప్ వేడెక్కి దాని ఫ్యాను హోరుమంటుంది. ఆ హోరు మైకులో పడుతోందని ఈమధ్యే దాన్ని తగ్గించే ప్లగిన్ ఒకటి కొన్నారు. "మళ్ళీ కొన్నారా?" అని ఆవిడ అడిగితే, "కొనలేదు, సేల్‌లో వచ్చింది" అన్నారు.

రెండున్నర వేల అడుగుల టేపు చుట్ట 15 అంగుళాల వేగంలో అరగంట దాటి మూడు నిమిషాలకు అయిపోయేది. చుట్ట ఖరీదు తలుచుకుని పాడేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడేవాళ్ళు. టేపుకున్న అవలక్షణాలన్నీ ఏరి తెచ్చుకున్న టేపుగారు ఈ అయిపోయే గుణాన్ని మాత్రం తెచ్చుకోలేదు. నన్నడిగితే కొనాల్సింది ఆ ఒక్కటే. కూతురు పుట్టినప్పుడు ఆయన ఓ జోలపాట మొదలుపెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు సైకిల్ తొక్కుకుంటూ ట్యూషన్‌కి వెళ్తోంది. జోలపాట ఇంకా మిక్సింగ్‌లోనే ఉంది. 15లో పెట్టాలా 30లో పెట్టాలా అన్నది తేలడం లేదు.

మొన్న దసరాకు ఎలాగో మనసు గట్టిచేసుకుని దాన్ని తెనాలిలో ఉన్న అమ్మకు వాట్సాప్‌లో పంపారు. ఆవిడ ఫోను బల్లమీద పెట్టి, పప్పులో రాళ్ళు ఏరుకుంటూ వింది. కాసేపటికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, పాట బాగానే ఉంది గానీ వెనకాల ఒకటే సుయ్యిమని మోతరా. రేడియో స్టేషను సరిగ్గా పట్టనట్టుంది."

టేపుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నీకు వినపడిందా అమ్మా? ఎలా ఉంది, ఎక్కువైందా?"

"ఎక్కువే నాయనా."

"సరే, ఒక్క అర డెసిబెల్ తగ్గించి మళ్ళీ పంపిస్తాను."

"తొందరేం లేదులే. నా మనవరాలి పిల్లలకైనా పనికొస్తుంది, నిదానంగా చెయ్యి."