బ్లాక్స్ సూపర్: టీకా తాత్పర్య సహితము

విదేశమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు, మామయ్యకు పాత సినిమాలనిన ప్రాణమని చిన్ననాటినుండి ఎఱిగినవాడగుటచే, వితోరియో దె సీకా 1948లో తీసిన ‘లాద్రి ది బిచిక్లెత్తె’ అను ఇటలీ చిత్రమును, అనగా ‘సైకిల్ దొంగలు’ను, హై డెఫినిషన్ బ్లూరే బిళ్లగా కొని మొన్నటి సంక్రాంతికి నాకు పంపినాడు. బిళ్లను యంత్రము నోట పెట్టగా, ఇది ఈ మండలమునకు చెల్లదని తెరమీద నొక వాక్యము వెలసినది. యంత్రము నాలుక చాపి బిళ్లను మర్యాదగా నా చేతికే తిరిగి ఇచ్చినది. ఈ బిళ్లల వ్యాపారులు భూమండలమును ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసి, అమెరికాను మొదటి దానియందును, ఐరోపాను రెండవ దానియందును, మనలను మూడవ దానియందును కూర్చుండబెట్టిరని అప్పుడు తెలిసికొంటిని. మేనల్లుడిచ్చిన డబ్బు చెల్లినది. నేను కట్టిన సుంకము చెల్లినది. బిళ్ల మాత్రము చెల్లలేదు.

కనుటకు నోచుకొననివానికి వినుటయే గతి గనుక, ఆ బిళ్లనే చూచి ఒక యువ విమర్శకుడు వ్రాసిన సమీక్షను సంపాదించి చదివితిని. అందలి సారమంతయు నొక్క గుక్కలో నిట్లున్నది.

మూలము: “బ్లాక్స్ సూపర్. వైట్స్ ఎక్కడా బ్లో అవుట్ కాలేదు. గ్రెయిన్ నీట్‌గా ఉంది. రియర్ స్పీకర్లు సైలెంట్, అదొక్కటే డిసప్పాయింట్‌మెంట్. స్టోరీ మనందరికీ తెలిసిందే. పిక్చర్ నాలుగున్నర, ఆడియో మూడు, ఎక్స్‌ట్రాస్ నాలుగు. కలెక్షన్‌లో ఉండాల్సిందే.”

ఇంత క్లుప్తమైన గ్రంథము వ్యాఖ్య లేక లోకమున నిలువజాలదు. సూత్రకారుడు అక్షరమును పొదుపు చేసినచోట భాష్యకారుడు కాగితమును దుబారా చేయుట శాస్త్రసంప్రదాయము. కొలచాల మల్లినాథసూరి, మన మెదకు సీమవాడు, కాళిదాసునకు వ్యాఖ్య వ్రాయుచు, మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టెను. ఆ మహానుభావునకు దొరికిన మూలము వేఱు. నేను మొదటి ప్రతిజ్ఞ పట్టినచో వ్రాయుటకేమియు మిగులదు. రెండవది పట్టినచో సమీక్షకుడే నొచ్చుకొనును. కావున ఏ ప్రతిజ్ఞయు లేకయే ఆరంభించుచున్నాను.

‘బ్లాక్స్’ అనగా నలుపులు. ‘సూపర్’ అనునది లింగవచన విభక్తులు లేని అవ్యయము. పెళ్లిభోజనమునకును, పరీక్షాఫలితమునకును, శవయాత్రకు వచ్చిన జనసమ్మర్దమునకును సమానముగా వర్తించును. ఇచ్చట నలుపొక్కటే యుండగా బహువచనమేల యనిన, ఈ బిళ్లయందు నలుపులు రెండు గనుక. ఛాయాగ్రాహకుడు కార్లో మోంతువోరి రోమునగర వీథులలో పట్టిన నలుపు మొదటిది. ఇక రెండవది: ఆ కాలపు బొమ్మ ఎత్తు ఒకటియైన వెడల్పు 1.37, నేటి టీవీ తెర వెడల్పు 1.78, ఆ తేడాను పూరించుటకై కుడియెడమల రెండు పట్టీలు నిలుచును. తెరలో నూటికి సుమారు 23 పాళ్లు ఆ పట్టీలదే. వానియందు గీతలేదు, మచ్చలేదు, మనుష్యుడు లేడు; కల్మషమెఱుగని నలుపు. ‘సూపర్’ అను ప్రశంస దేనికి చెందునో మూలకారుడు తేల్చలేదు; ఆ పట్టీలకే చెందునని నా అనుమానము. ఏమైనను, తెర నిండలేదని బొమ్మను అడ్డముగా సాగదీసి, అన్నము చాలని పిల్లవాడైన బ్రూనోను బొద్దుగా చేసి చూచు గృహస్థులకంటె ఈ సమీక్షకుడు వేయి మడుగులు మేలు.

‘వైట్స్’ విషయము తుదకు చెప్పెదను. దానికి కారణము కలదు.

‘గ్రెయిన్’ అనగా గింజ. ‘నీట్‌గా’ అనునది సుగమము. బియ్యపు కొట్టులో గింజ నీట్‌గా ఉన్నదనిన రాళ్లు లేవని అర్థము. ఫిలిమునందు గింజ యననేమి? ముడిఫిలిముపై జిలాటిన్ పూతలో వెండి లవణముల స్ఫటికములు చల్లియుండును. వెలుతురు సోకినవి డెవలపింగు ద్రావకమున శుద్ధరజతముగా మాఱి నిలుచును. సోకనివి కడుగుడున పోవును. అనగా నలుపు తెలుపు చిత్రమున మనకు నల్లగా కనబడునదంతయు వెండి. లోకమున వెండి తెల్లనిది, సినిమాయందు నల్లనిది. ఇంతకంటె చక్కని విరోధాభాసము నే నలంకార గ్రంథములందు చూడలేదు. బ్రూనో తండ్రి, పనిలేని అంతోనియో రిచ్చీ ముఖమున క్రమ్మిన చీకటి యంతయు వెండియే; ఇంటిలో అమ్ముకొనుటకు మాత్రము వీసమెత్తు వెండి లేదు. ఈ రజతరేణువులను మాలిన్యమని భ్రమించి, కంప్యూటరు చేటతో చెఱిగి పారబోసి, మనుష్యుల ముఖములను మైనపుబొమ్మలుగా చేసి అమ్మెడివారు కలరు. అట్టి వైద్యము ఇందు జరుగలేదని సమీక్షకుడు సంతోషించినాడు. ఇది ధర్మమైన మాట. దీనిని చదివినపుడు నాకతనియందు గౌరవము పుట్టినది. మఱుసటి వాక్యము చదువువఱకు అది నిలిచినది.

‘రియర్ స్పీకర్లు సైలెంట్’: వెనుక స్పీకర్లు మౌనము వహించినవి. 1948 నాటి చిత్రమునకు ధ్వని మార్గమొక్కటే. అదియు, అప్పటి ఇటలీ వాడుక ప్రకారము, మాటలను తరువాత స్టూడియోలో కూర్చిన ధ్వని. పోర్తా పోర్తేసె సంతలో వాన వచ్చినపుడు అది తన సోఫా వెనుకనుండి కురియలేదని మూలకారుని మనస్తాపము. నేనీ చిత్రమును తొలుత చూచినది ఫిల్మ్ సొసైటీవారి 16 మిల్లీమీటర్ల ప్రతిలో. ఆ ప్రతి ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చినదో గాని, మొదటినుండి తుదివఱకు దానిపై నిలువు గీతలు వానవలె కురియుచుండెను. సంతలో నిజమైన వాన మొదలుకాగా దె సీకా వాన యేదో, ప్రతి వాన యేదో తెలియక, ప్రేక్షకులమందఱమును రెంటిలోను తడిసితిమి. ఎవ్వరును వెనుకకు తిరిగి చూడలేదు. ఆ వానలో గోడవారగా నిలిచిన తండ్రీకొడుకులమధ్యకు జర్మను మాటలాడు వేదాంత విద్యార్థులు మూకగా వచ్చి దూరుదురు. తరువాతి కాలమున కౌబాయి చిత్రములతో లోకమునేలిన సెర్జియో లియోనె ఆ మూకలో నొకడు. దానికి ముందే, పరుగిడుచున్న బ్రూనో తడినేలపై జారిపడును, తండ్రి చూడడు. తండ్రికి సైకిలు ధ్యాస, సమీక్షకునికి స్పీకరు ధ్యాస. తండ్రినైతే క్షమింపవచ్చును.

‘స్టోరీ మనందరికీ తెలిసిందే’: ఇది సుగమమని దాటిపోవలసినది. కాని ఇచ్చట నాకు నిలువవలసి వచ్చినది. ఏలయనగా తెలిసినదే యన్నవాడు తన సమీక్షకు ‘బైసికిల్ థీఫ్’ అని ఏకవచనమున శీర్షిక పెట్టెను. అమెరికాలో చిత్రమునకు తొలుత తగిలించిన పేరది. దె సీకా పెట్టినదో, ‘లాద్రి’ దొంగలు, ‘బిచిక్లెత్తె’ సైకిళ్లు. రెండు పదములును బహువచనములు. అక్షరమాత్రము వ్యర్థము కారాదని నమ్మిన దేశమున పుట్టి ఈ రెండు బహువచనములను నేనెట్లు విడిచిపోదును?

పూర్వపక్షము: దొంగ ఒక్కడే గదా. జర్మను సైనికుల టోపీ పెట్టుకొనిన కుఱ్ఱవాడు, అంతోనియో నిచ్చెనపై నిలిచి రీటా హేవర్త్ బొమ్మను గోడకు అంటించుచుండగా, సైకిలెక్కి పోయినాడు. బహువచనమునకు తావెక్కడిది? వానికి తోడుదొంగలు కలరు, వారిని కలుపుకొనుట యనినచో, దొంగలు పలువురైనను పోయిన సైకిలొక్కటే గనుక ‘సైకిళ్లు’ అనుట చెల్లదు. గౌరవార్థక బహువచనము కావచ్చునందురా? అది మన దేశపు వాడుక. ఇచ్చటనైనను దొంగకు ‘వారు’ తగులుటకు వాడు ముందొక పదవి సంపాదింపవలెను. సైకిలు దొంగకు ఆ స్తోమత ఎక్కడిది?

సిద్ధాంతము: ఇది నిజమునకు బహువచనము కాదు, ద్వివచనము. లాటినుననే ద్వివచనము మూలబడినది గనుక ఆమె కూతురగు ఇటలీ భాషకు ఆ ఆస్తి సంక్రమింపలేదు. విధిలేక బహువచనముతో సరిపుచ్చుకొనినది. దె సీకాకును, రచయిత చెజారె జవత్తీనికిని సంస్కృతము వచ్చియున్నచో ‘ద్విచక్రయోశ్చోరౌ’ అని యుందురు. రెండు సైకిళ్లకు ఇరువురు దొంగలు. మొదటి దొంగ టోపీ కుఱ్ఱవాడు. రెండవ దొంగ, దినమంతయు మొదటివానికై వెదకి, విసిగి, ఫుట్‌బాల్ ఆట జరుగు స్టేడియము వెలుపల వందలకొలది సైకిళ్లు వరుసదీరియుండగా, ప్రక్క సందులో గోడకానిన ఒంటరి సైకిలును చూచి, కొడుకును ట్రామెక్కి పొమ్మని పంపి, చేయి చాచిన అంతోనియో. మొదటివాడు ఎదురుపడియు చిక్కలేదు, రెండవవాడు నూఱడుగులు పోకమునుపే దొరికినాడు. ద్విచక్రమునకు చక్రములు రెండు, రెండును ఒకే దారిని దొర్లును, ముందు చక్రమేగిన జాడలోనే వెనుక చక్రము పోవును. పేరులోని ద్వివచనమునకు వస్తువులోని ద్వివచనము సాక్షి.

ఇంకొక విశేషము. పోయిన సైకిలు పేరు ‘ఫీదెస్’. లాటినున విశ్వాసమని అర్థము. మఱునాడు దానిని వెదకుచు పియాజా విత్తోరియో సంతకు పోయినపుడు, అచ్చట ఒకచోట చట్రములే, ఒకచోట టైర్లే, ఒకచోట గంటలే రాసులు పోసియుండును. సమాసమైన సైకిలును దొంగలు విగ్రహవాక్యము చేసి అమ్ముచున్నారన్నమాట. విశ్వాసమును విడదీసి, దాని గంట యేది, దాని చక్రమేది యని తండ్రీకొడుకులు స్నేహితులతో కూడి పంచుకొని వెదకుదురు. వైయాకరణునకు ఇంతకంటె భయంకరమైన దృశ్యముండదు. విడిన పదములన్నియు ఎదుటనే యున్నవి, అర్థము మాత్రము పోయినది.

సమీక్షకుని మఱచితిని. ఎచ్చట నుంటిమి?

‘పిక్చర్ నాలుగున్నర, ఆడియో మూడు, ఎక్స్‌ట్రాస్ నాలుగు.’ పూర్ణసంఖ్య ఐదని అధ్యాహారము. ఆ పోయిన అర ఎచ్చట పోయినదో మూలమున లేదు. ‘ఎక్స్‌ట్రాస్’ అనగా బిళ్లతో వచ్చు ముచ్చటలును డాక్యుమెంటరీలును. కాని మద్రాసు స్టూడియోల కాలమునుండి మనకు ఎక్స్‌ట్రా యనగా గుంపులో నిలుచుండి, కూలి పుచ్చుకొని పోవు మనుష్యుడు. ఆ అర్థమున చూచినచో ఈ చిత్రమంతయు ఎక్స్‌ట్రాలే. అంతోనియోగా నటించిన లాంబెర్తో మజ్జొరాని నటుడు కాడు, బ్రేదా కర్మాగారమున పనివాడు. పనిలేనివాని పాత్ర ధరించి లోకప్రసిద్ధుడైన పిమ్మట కర్మాగారమున అతని పనియు పోయినది. ఇట్టి వానికి ఐదింట నాలుగు మార్కులు వేసిన చేయి ఎట్టిదో!

ఇక ‘వైట్స్ ఎక్కడా బ్లో అవుట్ కాలేదు’. వైట్స్ అనగా తెలుపులు. బ్లో అవుట్ అగుట యనగా వెలుగు మితిమీఱి తెలుపులోని వివరము పేలిపోవుట. దీనికి ఉదాహరణముగా సమీక్షకుడు చూపినది తాకట్టు ఘట్టము: దుప్పట్ల తెలుపునందు నేత సైతము కనబడుచున్నదట. ఒక్కొక్క బొమ్మకు 20,73,600 చుక్కలు గల బిళ్ల, కనబడక ఏమి? ఉద్యోగము కావలెనన్న సైకిలుండవలెను, సైకిలు తాకట్టులో నున్నది. అంతోనియో భార్య మరియా మాటలాడక పడకమీది దుప్పట్లను లాగి, మూటగట్టి, కౌంటరువద్దకు మోసికొనిపోవును. పెండ్లి సారెగా వచ్చిన బట్టలనుచున్నది ఆమె. గుమాస్తా మూట విప్పి, తడవి, వాడినవే యని విలువ కట్టి, 7,500 లీరాలు చేత పెట్టును. ఆ పిమ్మట ఒకడు ఆ మూటను భుజమున వేసికొని అరలవెంట పైపైకి ఎక్కిపోవును. ఎంత ఎక్కినను అరలు తఱుగవు. ఆ అరలనిండ రోమునగరమంతటి దుప్పట్ల మూటలు.

ఇచ్చట నాకు పరిహాసము నోట రాదు. నేత చూచినాడు, తెలుపు చూచినాడు, వాడినవో కొత్తవో చూచినాడు. మూట ఎచ్చటికి పోవుచున్నదో చూడలేదు. కౌంటరుకు ఈవల మరియా నిలిచియుండగా ఆవల కూర్చుండి బట్టను తడవి సంఖ్య వేసినవాడెవడో, ఈ సమీక్షను వ్రాసినవాడును వాడే. గుమాస్తా జీతమునకు చేసినాడు. ఇతడు ప్రేమతో చేసినాడు, అదియే నా బాధ. ఈ బిళ్లను ప్రేమింపనివాడు దాని నలుపులకై రాత్రులు మేల్కొనడు. అంత ప్రేమయు చుక్కల లెక్కతో తీరిపోయి, సైకిలు పోగొట్టుకొనినవానికి ‘తెలిసిందే’ అను నొక్క మాట మిగిలినది. ద్వివచనమునకై పుటలు ఖర్చు పెట్టినవాడను, నేను మాత్రము ఏమి చూచితినని అడుగుదురేమో. అడుగవచ్చును. నేను కూడ విగ్రహవాక్యమే చేసితిని. తుదిలో తండ్రి టోపీ దుమ్మున పడగా బ్రూనో దానిని తీసి దులుపునే, దానికి వ్యాఖ్య వ్రాయవలెనని కూర్చుంటిని, వ్రాయలేకపోయితిని.

‘కలెక్షన్‌లో ఉండాల్సిందే.’ కలెక్షననగా అర. ఉండాల్సిందే యనగా అచ్చటనుండి దిగదని.

తాత్పర్యము: మూట భద్రముగా నున్నది.

మా ఇంటావిడ, ఈ ఆడని బిళ్లను బల్లమీద నెన్నాళ్లుంచుదురని గొణిగి, నిన్న దానిని బీరువాలో దుప్పట్ల అరలో పెట్టినది.