టొమాటో భజియా దాకా రేసింగ్ ఆయిల్

ఆదివారం సాయంత్రం సూరత్‌లో డూమస్ రోడ్డు ఎక్కి చూడండి. సిగ్నల్, స్పీడ్ బ్రేకర్, స్కూటీ మీద నలుగురు, మళ్లీ సిగ్నల్. చివర్లో సముద్రం, దానికి ముందే టొమాటో భజియా బండ్లు. ఆ బండ్ల దాకా వెళ్లి రావడానికి మన కుర్రాళ్లు కార్లో పోయిస్తున్నది 10డబ్ల్యూ-60 రేసింగ్ ఆయిల్.

మన కుర్రాళ్లనే అంటున్నాను. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చి లింబాయత్, గోడాదరా వైపు మగ్గాల మీద బతికిన కుటుంబాల మూడో తరం. తాత ఎవరి మగ్గమో నడిపాడు, తండ్రి సొంతంగా నాలుగు కొన్నాడు, కొడుకు సెకండ్ హ్యాండ్ పోలో టీఎస్ఐ కారు కొని, ఇంజన్ పవర్ పెంచే స్టేజ్ వన్ రీమ్యాప్ చేయించాడు. ఎవడి సరదా వాడిది, నాకేం పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాత గ్యారేజీలో జరిగే ఆయిల్ పంచాయితీతోనే.

పంచాయితీ ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. మెకానిక్ డిప్‌స్టిక్ బయటికి లాగుతాడు. చివరనున్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దుతాడు. వేళ్లు విడదీసి తీగ సాగుతుందేమో చూస్తాడు. సాగదు. "పత్లా హో గయా, భాయ్" అని తీర్పు చెప్పి, వేళ్లు ప్యాంటుకి తుడుచుకుంటాడు. పక్కనున్న దోస్తు అందుకుంటాడు: "రీమ్యాప్ చేసినంక ముప్పై గ్రేడ్ ఏం ఆగుతదన్నా? అరవై పొయ్యి. ఇంజన్ నిమ్మళంగుంటది." అంతే, డబ్బా మూత తెరుచుకుంటుంది.

ఆ ముప్పై, అరవై అనే గ్రేడుకు ఆయిల్ చిక్కదనాన్ని కొలిచేది 100 డిగ్రీల వేడి దగ్గర. గ్యారేజీ నీడలో, 35 డిగ్రీల దగ్గర వేళ్ల మధ్య నలిగిన చుక్క ఆ సంగతి ఏం చెబుతుంది? కాగుతున్న ఆయిల్లో వేలు పెట్టి గ్రేడు చెప్పగలిగేవాడు ఉంటే అతనికి గ్యారేజీ ఎందుకు, సర్కస్‌లో మంచి జీతమే ఇస్తారు.

ఇక డబ్బా మీది అంకెలు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర. స్వెటర్ వేసుకుంటే చెమట పట్టే సూరత్ చలికాలంలో ఈ రెంటికీ తేడా వెతకడం వృథా. అసలు కథ రెండో అంకెది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు ఉండాలి. 60 గ్రేడుది 21.9 నుంచి 26.1. అంటే రెట్టింపు. పల్చటి ఆయిల్‌కి లెక్కగట్టి ఇంత సందు అని పెట్టిన బేరింగులకు, ఆయిల్ ఒత్తిడితోనే వాల్వుల టైమింగ్ సర్దుకునే ఇంజన్‌కి రెట్టింపు చిక్కదనం పోసి "నిమ్మళం" అంటున్నాం.

దీనికి మనవాళ్ల దగ్గర ఒక సాక్ష్యం కూడా ఉంది. డాష్‌బోర్డు మీద అదనంగా బిగించిన ప్రెజర్ మీటరు. "చూడన్నా, ముల్లు ఎట్ల లేసిందో!" లేవక ఏం చేస్తుంది? చిక్కటిదాన్ని ఇరుకు సందుల్లోంచి నెట్టడానికి పంపు తంటాలు పడుతోందని ఆ ముల్లు చెబుతోంది. మరీ ఎక్కువైతే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ దారి మళ్లుతుంది. బేరింగుకు అందాల్సినంత అందుతోందా అన్న ముక్క ఆ మీటరు చెప్పదు. దోస్తూ చెప్పడు.

ఈ 10డబ్ల్యూ-60కి ఇంత పేరు తెచ్చింది ఒకప్పటి బీఎండబ్ల్యూ ఎం3. ఎనిమిది వేల ఆర్‌పీఎం దాకా పరిగెత్తే ఆ ఇంజన్‌కి కంపెనీయే ఆ ఆయిల్ చెప్పింది. ఇప్పటి ఎం3 టర్బో ఇంజన్‌కి అదే కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-30. జర్మనీలో పల్చనైపోయిన ఆయిల్ డూమస్‌లో చిక్కబడుతోంది.

నాకు మరీ నవ్వొచ్చేది "ఫుల్లీ సింథటిక్" అన్న మాటకు పడే దండం. దేశమంతటికీ పాలిస్టర్ చీరలు పంపే ఊరు మనది. పట్టు అని చెప్పి ఎవడైనా పాలిస్టర్ అంటగట్టబోతే మన ఇళ్లలో అమ్మమ్మ దారం పోగు పీకి, అగ్గిపుల్ల గీసి, ముద్ద కట్టిందా బూడిదైందా చూసి నిజం తేలుస్తుంది. ఆమె మనవడు డబ్బా మీది బంగారు అక్షరాలు చూసి లీటరుకి అడిగినంతా ఇస్తాడు. ముడిచమురు నుంచి తీసి బాగా శుద్ధిచేసిన గ్రూప్ త్రీ నూనెను సింథటిక్ అని అమ్మవచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ తగువులాడుకుంటే, 1999లో తీర్పు క్యాస్ట్రాల్ వైపే వచ్చింది. గ్రూప్ త్రీ చెడ్డదేం కాదు, చాలా మంచి ఆయిల్స్ దాంతోనే తయారవుతాయి. కానీ ఆ బంగారు అక్షరాలకు అంత ధర దేనికి?

రీమ్యాప్ చేసిన టర్బో ఇంజన్‌కి నిజమైన గండం వేరే ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్లో స్పార్క్ పడకముందే మంట అంటుకోవచ్చు. పిస్టన్‌ని పగలగొట్టే రకం దెబ్బ అది. ఆయిల్లోని కాల్షియం డిటర్జెంట్లు దాన్ని ఎగదోస్తాయని తేలాక, ఆ ముందస్తు మంటను అడ్డుకునే పరీక్ష కూడా ఆయిల్ నెగ్గాలంటూ 2020 మేలో ఏపీఐ ఎస్‌పీ ప్రమాణం తెచ్చారు. భజియా బండి దాకా పరుగెత్తే కారుకి డబ్బా మీద వెతకాల్సింది ఆ రెండక్షరాలు, మాన్యువల్లో రాసిన కంపెనీ అప్రూవల్ నంబరు. రేసు అవగానే వంపేసే ఉద్దేశంతో చేసిన కొన్ని రేసింగ్ ఆయిల్స్‌కి ఈ రెండూ ఉండవు. డబ్బా మీద గళ్ల జెండా బొమ్మ మాత్రం ఉంటుంది.

రేసు అంటే గుర్తొచ్చింది. తెలుగు నేల మీద ప్రపంచ చాంపియన్‌షిప్ కార్ల రేసు జరిగింది 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ ఒడ్డున. ఫార్ములా ఈ. ఎలక్ట్రిక్ కార్లు. వాటిలో ఇంజనే లేదు, ఇక ఇంజన్ ఆయిల్ ఎక్కడిది?

కోయంబత్తూరు ట్రాక్ మీద ఆగకుండా ల్యాపులు కొట్టి, ఆయిల్‌ని 130 డిగ్రీలు దాటించేవాడికి నేను గ్రేడు గురించి చెప్పినదేదీ వర్తించదు. అతనికి ఒక గ్రేడు పెంచుకునే హక్కుంది, బహుశా ఆయిల్ కూలర్ అవసరం కూడా. మిగతావాళ్లు చిన్న ఓబీడీ పరికరం తగిలించి తమ ఆయిల్ ఎంత వేడెక్కుతోందో ఒక వారం చూసుకోండి. 110 దాటకపోతే గ్రేడు జోలికి పోవద్దు. చిన్న చిన్న ప్రయాణాల్లో పెట్రోలు ఆయిల్లోకి దిగి దాన్ని పల్చబరుస్తుంది కాబట్టి, కంపెనీ 15,000 కిలోమీటర్లన్న చోట సగానికే మార్చేయండి. రేసింగ్ డబ్బాకి పెట్టే డబ్బుతో బ్రేక్ ప్యాడ్లు వేయించుకోండి. ఆ గ్లవ్ బాక్స్‌లో, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా పడి ఉన్న పుస్తకాన్ని ఒక్కసారి బయటికి తీయండి, ఆయిల్ పేజీ అందులోనే ఉంది.