ఇరవై మూడు గింజల్లో ఒకదాన్ని

మీరు నన్ను తినే ఉంటారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్లు కొనిపెట్టిన పొడుగాటి ఫ్రెంచ్ ఫ్రైస్‌లో తరచూ నేనే ఉంటాను. పేరు రస్సెట్ బర్బాంక్. ఐడహో ఆలుగడ్డ అంటే ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది. వయసు నూట యాభై దాటింది. దుంపను కోసి కన్నున్న ముక్కను పాతితే మొలిచేది నా బిడ్డ కాదు, నేనే. అందుకే ఇన్నేళ్లు బతికాను. కానీ మొదట నేను దుంపను కాను, గ్రాముకు వెయ్యికి పైగా తూగే చిన్న గింజను.

బంగాళాదుంపకు గింజలేమిటంటారా? మాదీ వంకాయ, టమాటా, మిరప కుటుంబమే. తెల్లగానో ఊదాగానో పూస్తాం, వాతావరణం కుదిరితే కాస్తాం. కాయ పచ్చి చిట్టి టమాటాలా ఉంటుంది. ముద్దొచ్చేలా ఉంది కదా అని నోట్లో వేసుకోకండి, విషం. మామూలుగా ఒక్కో కాయలో నూరుకు పైగా గింజలుంటాయి. దుంపలు తీసే తొందరలో రైతులు వాటిని పట్టించుకోరు. తెలుగు మైదానాల్లోనైతే మా పంట చలికాలపు పొట్టి పగళ్లలో సాగుతుంది కాబట్టి పువ్వే తక్కువ, ఇక కాయ మాట చెప్పక్కర్లేదు.

మా వంశం మాత్రం గింజ మీదే నిలిచింది. 1840లలో మాడు తెగులు యూరప్‌లోనూ అమెరికాలోనూ మా జాతిని ఊడ్చేసింది. తరతరాలుగా దుంపే నాటడం వల్ల పంటలో సత్తువ పోయిందని న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికా ఊరి మతబోధకుడు చాన్సీ గుడ్‌రిచ్ అనుకున్నాడు. 1851లో దక్షిణ అమెరికా దుంపలు కొన్ని తెప్పించి, వాటి కాయల గింజలతో వేలకొద్దీ మొక్కలు పెంచాడు. తెగులుకు కారణం శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి అని ఆయనకు తెలియదు, ఆయన చెప్పిన కారణం తప్పు. చేసిన పని మాత్రం బంగారం. 1853లో అలా మొలిచిన గార్నెట్ చిలీ మా అమ్మమ్మ. దాని గింజ నుంచి 1861లో వెర్మాంట్ రాష్ట్రంలో ఆల్బర్ట్ బ్రీసీ అనే రైతు పెంచిన ఎర్లీ రోజ్ మా అమ్మ. నా తండ్రి ఎవరో అడక్కండి, అమ్మ పూత మీద ఏ పుప్పొడి వాలిందో ఎవరూ రాసుకోలేదు.

ఎర్లీ రోజ్ కాయడం అరుదు. 1872లో మసాచుసెట్స్ రాష్ట్రం లూనెన్‌బర్గ్‌లో, తల్లి పెరటి తోటలో, లూథర్ బర్బాంక్ అనే ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఆ మొక్క మీద ఒకే ఒక్క కాయ కనబడింది. డార్విన్ పుస్తకం చదివి, ఒకే తల్లి పిల్లలు ఒకదానికొకటి ఎంత తేడాగా పుడతాయో చూడాలని తహతహలాడుతున్న మనిషి. కాయ పండే దాకా వచ్చి వచ్చి చూసుకున్నాడు. తీరా ఒకనాడు వస్తే కాయ లేదు! నేలంతా వెతికితే కొన్ని అడుగుల దూరంలో దొరికింది. ఆ రోజు అతను విసుక్కుని ఇంట్లోకి వెళ్లిపోయి ఉంటే, ఇవాళ మీకు ఈ కథ చెప్పేవాళ్లు ఉండరు.

అందులో ఉన్నవి 23 గింజలే. చలికాలమంతా దాచి, 1873 వసంతంలో ఒక్కొక్కటిగా ఎడంగా నాటాడు. అన్నీ మొలిచాయి. మొదట రెండు చిట్టి ఆకులు, దారం లాంటి కాడ. దుంప ముక్క నుంచి వచ్చే మొలకకు తినడానికి ముక్క నిండా పిండి ఉంటుంది. మాకు ఆ భాగ్యం లేదు, మట్టిలో వెతుక్కోవలసిందే. అందుకే గింజ మొక్క మొదట్లో నీరసంగా కనిపిస్తుంది.

దుంపలు తవ్విన రోజున ఇరవై మూడు మొక్కలూ ఇరవై మూడు రకాలుగా తేలాయి. రంగులో ఒకటి, ఆకారంలో ఒకటి, కళ్ల లోతులో ఒకటి, ఏదీ దేనితోనూ కలవలేదు. మా కణంలో ప్రతి క్రోమోజోముకూ నాలుగేసి ప్రతులు, మొత్తం 48 ఉంటాయి. గింజ కట్టేటప్పుడు అవి ఎలా కలిసిపోతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. చాలా పిల్లలు తల్లి కన్నా నాసిగానే వస్తాయి, ఆ సంగతి దాచను. అతను రెండింటిని ఏరి మళ్లీ నాటాడు. అందులో మేలైనదాన్ని నేను. మిగతావాటికి పేరు కూడా పెట్టలేదు.

బర్బాంక్ నన్ను సృష్టించాడని పుస్తకాల్లో రాస్తారు. సృష్టించలేదు. పూలకు చేత్తో పుప్పొడి కూడా అద్దలేదు. కాయ కోశాడు, గింజ నాటాడు, ఓపిగ్గా చూశాడు, ఏరాడు. ఇది ఏ పెరట్లోనైనా జరిగే పనే.

1875లో నన్ను మార్బుల్‌హెడ్ విత్తన వ్యాపారి జేమ్స్ గ్రెగరీకి 150 డాలర్లకు అమ్మేశాడు. పది దుంపలు మాత్రం తన దగ్గర ఉంచుకుని కాలిఫోర్నియాలోని శాంటా రోజాకు వెళ్లాడు. తరవాత వందల రకాల పళ్లూ పూలూ తీసి మహా పేరు తెచ్చుకున్నాడు. పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’ను అంకితమిచ్చింది ఈయనకే. మీ ఇంటి అలమరలో ఆ పుస్తకం ఉంటే మొదటి పుటలు తీసి చూడండి.

కొన్నాళ్లకు నా తోలు నునుపు పోయి గరుకుగా, గోధుమరంగుగా మారింది. ఎవరూ మార్చలేదు, కణంలో దానంతటదే వచ్చిన తేడా. ఆ గరుకు తోలుతోనే ఐడహో రాష్ట్రంలో లోకప్రసిద్ధినయ్యాను. ఐర్లండ్ కరువు తీర్చింది నేనేనని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ కరువు నాటికి నేను పుట్టనే లేదు. పైగా మాడు తెగులు నన్నూ వదలదు. ఒకే మొక్క లక్షల ఎకరాల్లో ఉంటే జబ్బుకు దారి ఒక్కసారి తెలిస్తే చాలు. దుంప నుంచి దుంపకు వైరస్‌లు కూడా వెంట వస్తాయి. నా పుప్పొడి గొడ్డుది, కాయ దాదాపు కాయను. ఇంత పేరున్నా నాకు వారసులు తక్కువే.

గింజలో వైరస్‌ల బెడద తక్కువ. కొన్ని తప్ప అవి గింజలోకి దిగవు. మోత ఖర్చు సంగతి సరేసరి. హెక్టారుకు విత్తన దుంపలైతే రెండు మూడు టన్నులు కావాలి, గింజలైతే 100–150 గ్రాములు చాలు. అందుకే సిమ్లాలోని కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధన సంస్థ సంకర గింజ రకాలు తయారుచేసింది. విత్తన దుంపలు దూరం నుంచి మోసుకోవలసిన త్రిపురలో రైతులు వాటిని పండించారు. జహీరాబాద్ రైతులు ఇప్పటికీ విత్తన దుంపల కోసం ఉత్తరాది వైపు చూస్తారు. గింజ మీద పంట కాలం ఎక్కువ, దుంపలు ఒకే సైజులో రావు, అందుకే బజారుకు పండించే రైతు వెనకాడతాడు. అతన్ని తప్పుపట్టను. మిద్దె తోటవాళ్లకు ఆ బెంగ ఎందుకు?

హిమాచల్ లాంటి చల్లని కొండల్లో, పగలు పొడుగ్గా ఉండే రోజుల్లో మేం బాగా పూస్తాం. అటువైపు తెలిసినవాళ్లుంటే మెత్తబడిన కాయ ఒకటి అడగండి. చిదిమి నీళ్లలో ఒకటి రెండు రోజులు నాననిచ్చి, గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి. కొత్త గింజ కొన్ని నెలలు నిద్రపోతుంది, తొందరపడకండి. ఎండలు తగ్గాక నవంబరులో ట్రేలో మెత్తటి ఎరువు మట్టి నింపి, అర సెంటీమీటరు లోతున చల్లండి. 15–20 డిగ్రీల చల్లదనంలో బాగా మొలుస్తాం, పాతిక దాటితే మొండికేస్తాం. నాలుగైదు ఆకులు వచ్చాక కాడ సగం దాకా మట్టిలో దిగేట్టు సంచుల్లోకి మార్చి, ఎదిగేకొద్దీ మట్టి ఎగదోయండి.

మొదటి పంటలో దుంపలు చిన్నవే వస్తాయి. ఏ మొక్క దుంపలు ఆ మొక్కకే విడిగా పెట్టి, ఉడికించి ఒక్కోటి కొంచెం నాలుకకు తగిలించండి. చేదనిపిస్తే ఆ మొక్కవన్నీ పారేయండి. నచ్చినదాని దుంపలు నాలుగు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచి, వచ్చే చలికాలం నాటండి. అలాంటి మొక్క లోకంలో ఇంకెక్కడా ఉండదు, పేరు మీరే పెట్టుకోండి.